అంబాసిడర్ ఇంజిన్ టైమింగ్: ఇంటి దగ్గరే చూసుకుని సరిచేసుకునే పద్ధతి

పాత అంబాసిడర్‌కు పికప్ తగ్గిందంటే చాలు, షెడ్డులో మొదట చెయ్యి పడేది స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గుకు పంచే డిస్ట్రిబ్యూటర్ మీదే. మన మెకానిక్కులందరూ డెల్కో అని పిలిచే ఆ భాగం బోల్టు వదులు చేస్తారు, ఇంజిన్ చప్పుడు వింటూ దాన్ని అటూ ఇటూ తిప్పుతారు, ఎక్కడ హుషారుగా అనిపిస్తే అక్కడ బిగించేస్తారు. రెండు నిమిషాల పని. కారు షెడ్డు దాటేదాకా బాగానే ఉంటుంది. నలుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కే సమయానికి నాకింగ్, అంటే ఇంజిన్‌లో గలగలమనే చప్పుడు, మొదలవుతుంది.

ఇందులో కిటుకు ఏమిటంటే, బరువు లేకుండా నిలబడి తిరిగే ఇంజిన్, టైమింగ్ (ప్లగ్గు దగ్గర స్పార్క్ పడే సమయం) ముందుకు జరిపినకొద్దీ వేగం పెంచుతూనే పోతుంది. చెవికి అది ఆరోగ్యంలా వినిపిస్తుంది. కానీ ఇంజిన్‌కు అసలు పరీక్ష బరువు లాగేటప్పుడే. అందుకే చెవిని మొదట కాదు, చివర వాడాలి. అలాగే టైమింగ్‌ను కూడా చివరే ముట్టుకోవాలి. ప్లగ్గులు, పాయింట్లు (డెల్కో లోపల కలుస్తూ విడిపోతూ స్పార్క్ పుట్టించే జంట), వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే యంత్రాంగం సరిగా లేనప్పుడు డెల్కో తిప్పడం అంటే ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పడమే. చాలా కార్లలో పాయింట్ల గ్యాప్ సరిచేయగానే టైమింగ్ దానంతట అదే దారికి వస్తుంది.

ఇక్కడ చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్ గురించి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో తయారుచేసిన కారు ఇది. అక్కడ తయారీ 2014లో ఆగిపోయింది. తర్వాత వచ్చిన ఇసుజు 1800 ఇంజిన్ కార్లకు అంకెలు వేరు. డీజిల్ అంబాసిడర్‌లో స్పార్కే ఉండదు కాబట్టి ఈ పద్ధతి దానికి పనికిరాదు. ప్రీమియర్ పద్మిని, కార్బ్యురేటర్ ఉన్న మారుతి 800 లాంటి వాటికి సూత్రం ఇదే అయినా డిగ్రీలు, డెల్కో తిరిగే దిక్కు, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో స్పార్క్ పడే వరస) ఆయా కార్ల మాన్యువల్ ప్రకారం తీసుకోవాలి. మారుతి 800కు ఉన్నది మూడు సిలిండర్లే, వరస 1-3-2. ఇక ఇంజెక్షన్ కార్లలో ఈ పని కంప్యూటర్ చూసుకుంటుంది. బోల్టు తిప్పి సరిచేసేది అక్కడ ఏమీ లేదు. ఇంకో మాట: టైమింగ్ చైన్, టైమింగ్ బెల్టు అనేవి వాల్వులకు సంబంధించిన సంగతి. మనం మాట్లాడుతున్నది ప్లగ్గు దగ్గర స్పార్క్ ఎప్పుడు పడాలన్న దాని గురించి.

స్పార్క్ ముందే ఎందుకు పడాలి

పిస్టన్ పూర్తిగా పైకి చేరిన స్థానాన్ని టీడీసీ అంటారు. స్పార్క్ సరిగ్గా అక్కడే పడితే సరిపోదు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ఒక్కసారిగా పేలదు, మండుతూ పాకుతుంది. ఆ మంట పూర్తి ఒత్తిడికి రావడానికి కొంత సమయం కావాలి. ఒత్తిడి గరిష్ఠానికి చేరే వేళకు పిస్టన్ టీడీసీ దాటి కాస్త కిందికి దిగుతూ ఉండాలి. అందుకే స్పార్క్‌ను టీడీసీకి కొన్ని డిగ్రీల ముందే వేస్తారు.

ఆ కొన్ని డిగ్రీల విలువ లెక్క వేస్తే తెలుస్తుంది. నిమిషానికి 900 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక సెకనులో వెయ్యో వంతు కాలంలో క్రాంక్ 5.4 డిగ్రీలు తిరుగుతుంది. 3000 చుట్ల దగ్గర అదే కాలంలో 18 డిగ్రీలు తిరుగుతుంది. మంట పాకడానికి పట్టే సమయం మాత్రం అంతగా మారదు. కాబట్టి వేగం పెరిగినకొద్దీ స్పార్క్ ఇంకా ముందుగా పడాలి. ఆ పని డెల్కో లోపలి బరువులు, స్ప్రింగులు చేస్తాయి. యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి నింపాదిగా వెళ్లేటప్పుడు మరికొంత ముందుకు జరపడానికి పక్కన గుండ్రటి వ్యాక్యూమ్ డబ్బా ఉంటుంది. మనం చేత్తో పెట్టేది మొదటి బిందువు మాత్రమే. మిగతాది ఈ రెండూ చూసుకోవాలి, అవి పని చేస్తూ ఉంటే.

టైమింగ్ వెనకబడితే, అంటే రిటార్డ్ అయితే, మంట పిస్టన్ కిందికి పోతున్న కొద్దీ ఇంకా మండుతూనే ఉంటుంది. శక్తి చక్రాలకు పోయే బదులు వేడిగా రేడియేటర్‌కు, సైలెన్సర్‌కు పోతుంది. పికప్ ఉండదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఎండాకాలంలో ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంది. మరీ ముందుకు జరిగితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే దాని నెత్తిన ఒత్తిడి పడుతుంది. నాకింగ్, స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ వెనక్కి తన్నడం, దీర్ఘకాలంలో పిస్టన్, గాస్కెట్ దెబ్బతినడం దాని ఫలితాలు. వెనకబడిన టైమింగ్ జేబును ఖాళీ చేస్తుంది. ముందుకు పోయిన టైమింగ్ ఇంజిన్‌నే తినేస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఫీలర్ గేజ్ (సన్నటి ఖాళీలు కొలిచే బ్లేడ్ల కట్ట), ప్లగ్ స్పానర్, డెల్కో క్లాంప్ బోల్టుకు సరిపోయే స్పానర్, చిన్న స్క్రూడ్రైవర్, సన్నని ఎమరీ కాగితం, శుభ్రమైన గుడ్డ, కాస్త తెల్లరంగు లేదా సుద్ద. రెండు తీగలు అతికించిన 12 వోల్టుల చిన్న బల్బు ఒకటి. పార్కింగ్ లైటుకు వాడే 5 వాట్ల బల్బు చాలు. వీలైతే టైమింగ్ లైటు కూడా ఉంటే మంచిది. లేకపోయినా పని ఆగదు. బల్బుతో పెట్టిన టైమింగ్‌తో ఈ కార్లు ఏళ్ల తరబడి నడిచాయి. మాన్యువల్ మాత్రం తప్పనిసరి. మీ కారు కంప్రెషన్‌ను (పిస్టన్ మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తిని) బట్టి డిగ్రీల అంకె అందులోనే ఉంటుంది. పక్కవాళ్ల కారు అంకె మీ కారుకు పెట్టవద్దు.

పాయింట్లు, కండెన్సర్ (పాయింట్ల మధ్య మెరుపులను అణచేది), రోటర్ (డెల్కో మూత కింద తిరిగే ముక్క) కొనేటప్పుడు అగ్గువ సరుకు జోలికి పోకండి. నాసిరకం పాయింట్లలో కామ్‌ను (డెల్కో షాఫ్టు మీది మొనల భాగాన్ని) రాసుకునే ఫైబర్ మడమ తొందరగా అరిగిపోతుంది. మీరు అంత ఓపికగా పెట్టిన టైమింగ్ ఆ అరుగుదలతోనే వెనక్కి పోతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత లూకాస్ కంపెనీ డెల్కో తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పట్టుకుంటే సరైన సరుకు ఏదో చూడగానే చెబుతాడు.

మొదలుపెట్టే ముందు

కారు సమతలం మీద, ఆరుబయట ఉండాలి. మూసిన గ్యారేజీలో ఇంజిన్ తిప్పితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని పడేస్తుంది. హ్యాండ్ బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. తువ్వాలు, వేలాడే చొక్కా చేతులు, చున్నీ, ఉంగరం, ఇనుప పట్టీ గడియారం తీసేయండి. ఫ్యాన్‌కు గార్డు ఉండదన్న సంగతి మర్చిపోవద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నడుస్తున్న ఇంజిన్ హైటెన్షన్ తీగల దగ్గరికి రాకపోవడమే మంచిది.

హ్యాండిల్ వేసి తిప్పే కారైతే ఇంకో జాగ్రత్త ఉంది. బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచి హ్యాండిల్ పట్టుకోవాలి, చుట్టూ బిగించకూడదు. ఎప్పుడూ కింది నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి నొక్కకూడదు. టైమింగ్ ముందుకు పోయిన ఇంజిన్ వెనక్కి తన్నితే బిగించిన బొటనవేలు, మణికట్టు విరుగుతాయి. పాత డ్రైవర్లు కొత్తవాళ్లకు నేర్పే మొదటి పాఠం ఇదే. ఇప్పుడు మనం ఇగ్నిషన్ ఆపి, నాలుగు ప్లగ్గులూ తీసి నెమ్మదిగా తిప్పబోతున్నాం కాబట్టి ప్రమాదం తక్కువే. అయినా అలవాటు అలవాటే.

పాయింట్లు: ఇక్కడే తొందరపడకండి

డెల్కో మూతకు రెండు వైపులా ఉన్న క్లిప్పులు తీసి, తీగలు ఊడదీయకుండానే మూతను పక్కకు పెట్టండి. మూత లోపల సన్నటి నల్లటి గీతలు కనిపిస్తే అవి పగుళ్లు; కరెంటు ఆ దారిన పారిపోతూ ఉంటుంది. అలాంటి మూత మార్చాల్సిందే. రోటర్‌ను నిట్టనిలువుగా పైకి లాగితే వచ్చేస్తుంది. రోటర్ తీయక ముందే దాన్ని అది తిరిగే దిక్కులో కాస్త తిప్పి వదిలి చూడండి. స్ప్రింగు బలంతో తిరిగి తన స్థానానికి రావాలి. రాకపోతే లోపలి బరువులు తుప్పుపట్టి ఇరుక్కున్నాయని అర్థం, టైమింగ్ సంగతి తర్వాత.

రోటర్ తీశాక కనిపించే షాఫ్టును వేళ్లతో పట్టుకుని పక్కలకు ఊపండి. స్పష్టంగా ఊగితే బుష్షు అరిగింది. అలాంటి డెల్కోలో గ్యాప్ ఒక్కో కామ్ మొన దగ్గర ఒక్కో రకంగా ఉంటుంది, నాలుగు సిలిండర్లకు నాలుగు టైమింగులు వస్తాయి. మీరు ఎంత నేర్పుగా తిప్పినా అది సరికాదు. బుష్షు వేయించడం ఒక్కటే మందు.

ఇప్పుడు పాయింట్ల ముఖాలు చూడండి. లేత బూడిద రంగులో చదునుగా ఉంటే ఎమరీతో తేలికగా రుద్ది, పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు. తుడిచాక ఆ గుడ్డను దూరంగా పారేయండి. ఒక ముఖం మీద గుంట, ఎదుటి ముఖం మీద చిన్న గుట్ట లేచి ఉంటే పాయింట్లు మార్చండి, దాంతోపాటు కండెన్సర్‌ను అనుమానించండి. గుట్టలున్న పాయింట్ల మధ్య ఫీలర్ గేజ్ అబద్ధం చెబుతుంది: బ్లేడు గుట్ట మీద ఆనుతుంది, అసలు ఖాళీ దాని కంటే ఎక్కువ ఉంటుంది.

కొత్త పాయింట్లు వేసేటప్పుడు చాలామంది తడబడేది ఒకచోట. కాయిల్ (స్పార్క్‌కు కావాల్సిన ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది) నుంచి వచ్చే సన్నటి తీగ, కండెన్సర్ తీగ, రెండింటి కళ్లూ పాయింట్ స్ప్రింగుకు తగలాలి. అవి బిగించే మేకుకు, కింది పళ్లెంకు తగలకూడదు. మధ్యలో ఉండే ఫైబర్ వాషర్లు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో వేయాలి. వరస తప్పితే కరెంటు నేరుగా బాడీకి పోతుంది, ఇంజిన్ ఉలకదు పలకదు. విప్పే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

గ్యాప్ పెట్టాలంటే ఇంజిన్‌ను తిప్పి, పాయింటు మడమ కామ్ మొన మీదికి సరిగ్గా వచ్చేలా ఆపాలి. మొన నుంచి ఇటో అటో కాస్త దిగినా గ్యాప్ తక్కువ చూపిస్తుంది. ఈ లూకాస్ డెల్కోకు గ్యాప్ 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. స్క్రూ పూర్తిగా వదలకుండా కొద్దిగా సడలించి, గాడిలో స్క్రూడ్రైవర్ మొన పెట్టి మెలితిప్పితే కింది పాయింటు జరుగుతుంది. 15 థౌ బ్లేడు చేతికి తెలిసీ తెలియని పట్టుతో జారాలి. లాగాల్సి వస్తే బిగుతు. పట్టే తెలియకపోతే వదులు. స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి, ఎందుకంటే బిగించేటప్పుడు అది తప్పకుండా జరుగుతుంది. కామ్ మీద పెసరగింజంత గ్రీజు పూయండి, అంతకు మించి వద్దు. ఎక్కువైన గ్రీజు వేడికి చిమ్మి పాయింట్ల మీదే పడుతుంది. రోటర్ కింద షాఫ్టు నడినెత్తిన కనిపించే స్క్రూ చుట్టూ రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేయండి. ఆ స్క్రూ విప్పనక్కరలేదు.

గ్యాప్‌కూ టైమింగ్‌కూ ముడి ఇక్కడే ఉంది. పాయింట్లు విడిపోయిన క్షణంలోనే స్పార్క్ పడుతుంది. గ్యాప్ ఎక్కువైతే పాయింట్లు తొందరగా విడిపోతాయి, టైమింగ్ ముందుకు పోతుంది. మడమ అరిగి గ్యాప్ తగ్గితే ఆలస్యంగా విడిపోతాయి, టైమింగ్ వెనకబడుతుంది. అందుకే ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్. తిరగేసి చేస్తే రెండోసారి మొదటి నుంచి చేయాలి. తీసిన ప్లగ్గులకు కూడా ఇదే ఊపులో 25 థౌ గ్యాప్ చూసుకోండి.

ఒకటో సిలిండర్‌ను పైకి తేవడం

ఒకటో సిలిండర్ రేడియేటర్ వైపున ఉంటుంది. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ముందు నుంచి చూస్తే క్రాంక్ గడియారపు ముల్లు తిరిగే దిక్కులో తిరుగుతుంది. డెల్కో రోటర్ పై నుంచి చూస్తే దానికి వ్యతిరేక దిక్కులో తిరుగుతుంది. ఈ రెండు దిక్కులూ ఒక కాగితం మీద బాణాలు గీసి పెట్టుకోండి. తర్వాత ఏ వైపు తిప్పాలన్న గందరగోళం రాదు.

క్రాంక్ పుల్లీ అంచు మీద చిన్న గాడి ఉంటుంది. దాని పక్కన టైమింగ్ కవర్ మీద మొనలు ఉంటాయి: పొడవైనది టీడీసీ, పొట్టివి 5, 10 డిగ్రీలకు గుర్తులు. ఏళ్ల నాటి నూనె, మట్టి కింద ఇవి కనిపించకుండా పోయి ఉంటాయి. కిరోసిన్ గుడ్డతో తుడిచి, గాడిలో తెల్లరంగు నింపి, పైన ఉన్నది తుడిచేస్తే గాడి ఒక్కటే తెల్లటి గీతలా మిగులుతుంది. గోళ్లరంగు కూడా బాగానే పని చేస్తుంది.

మీ మాన్యువల్ చెప్పిన అంకెకు మొన లేకపోతే ఇలా చేయండి. పుల్లీ అంచు చుట్టూ కాగితపు పట్టీ చుట్టి, ఒక చుట్టు పొడవు కొలిచి, దాన్ని 360తో భాగించండి. వచ్చింది ఒక డిగ్రీ కొలత. పుల్లీ వ్యాసం 130 మిల్లీమీటర్లు ఉంటే అది 1.1 మిల్లీమీటరు. అంటే మీరు గీసే గీత మందమే ఒక డిగ్రీ ఉండవచ్చు! సన్నటి గీత గీయండి.

ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే గాని ఒకటో సిలిండర్‌లో ఒకసారి స్పార్క్ పడదు. కాబట్టి గుర్తు కలిసిన రెండుసార్లలో ఒకటి మాత్రమే మనకు కావాల్సింది. ఒకటో ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు నొక్కి పెట్టి, ఇంకొకరిని హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పమనండి. వేలిని గాలి బయటికి నెట్టుకుంటూ వస్తే అది కంప్రెషన్. ఆ తర్వాత వచ్చే గుర్తే మనది. హ్యాండిల్ లేకపోతే కారును నాలుగో గేరులో పెట్టి, చక్రాల రాళ్లు తీసి, ఇద్దరు మెల్లగా ముందుకు నెట్టవచ్చు. ప్లగ్గులు తీసి ఉంటే ఇది కష్టమేమీ కాదు. రోటర్ పెట్టి చూస్తే దాని మొన మూతలో ఒకటో తీగ ఉండే వైపుకు చూపించాలి. సరిగ్గా ఎదురుదిక్కుకు చూపిస్తే మీరు ఒక చుట్టు తప్పారు, ఇంకో చుట్టు తిప్పండి.

బల్బుతో పెట్టడం

డెల్కోలో పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేయించుకున్న కారైతే ఈ భాగం వదిలేసి టైమింగ్ లైటు భాగానికి వెళ్లండి. మాడ్యూల్‌కు బల్బు తగిలిస్తే అది పాడయ్యే అవకాశం ఉంది.

బల్బు తీగ ఒకటి డెల్కో పక్కన కాయిల్ సన్నతీగ బిగించి ఉన్న చోట తగిలించండి. రెండోది ఇంజిన్ బాడీకి, రంగు లేని చోట. ఇగ్నిషన్ ఆన్ చేయండి. పాయింట్లు కలిసి ఉంటే బల్బు ఆరి ఉంటుంది, విడిపోగానే వెలుగుతుంది. స్పార్క్ పడే క్షణం బల్బు వెలిగే క్షణమే. పాయింట్లు కలిసి ఉండగా ఇగ్నిషన్ ఎక్కువసేపు ఆన్‌లో ఉంచితే కాయిల్ వేడెక్కుతుంది, ఆలోచించుకునేటప్పుడు ఆఫ్ చేసేయండి.

ముందు ఉన్న టైమింగ్ ఎంతో చూద్దాం. పుల్లీ గుర్తును బాగా వెనకే ఆపి, అక్కడి నుంచి సరైన దిక్కులో మెల్లగా తిప్పుతూ బల్బు వెలిగిన క్షణంలో ఆగండి. గాడి ఎక్కడుందో చూడండి. అది ఇప్పటి టైమింగ్. కాగితం మీద రాసుకోండి. దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి తేవద్దు. చైనులో, గేర్లలో ఉన్న ఆట అంతా లెక్కలోకి వచ్చి అంకె చెడుతుంది. పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రండి.

మాన్యువల్ 5 డిగ్రీలు అని చెప్పిందనుకుందాం. సరైన దిక్కులో తిప్పుతూ గాడిని 5 మొనకు కలిపి ఆపండి. ఇక క్రాంక్ కదలకూడదు. డెల్కో మెడ దగ్గర ఉన్న క్లాంప్ బోల్టును, చేత్తో గట్టిగా తిప్పితే డెల్కో కదిలేంత వరకే వదులు చేయండి. కొన్ని లూకాస్ డెల్కోలలో చేత్తో తిప్పే చిన్న గరుకు నట్టు, దానితో కదిలే కొలబద్ద ఉంటాయి. అది ఉంటే ముందు కొలబద్దను మధ్యకు తెచ్చి పెట్టుకోండి.

ఇప్పుడు డెల్కో ఒంటిని రోటర్ తిరిగే దిక్కులో, అంటే గడియారానికి వ్యతిరేకంగా, బల్బు ఆరేదాకా తిప్పండి. అక్కడి నుంచి వెంట్రుకవాసి చొప్పున గడియారపు దిక్కులో వెనక్కి రండి. ఎడమచేతి వేలితో రోటర్‌ను అది తిరిగే దిక్కుకు ఎదురుగా తేలికగా ఆనించి ఉంచండి, షాఫ్టులోని ఆట పోతుంది. బల్బు మిణుకుమని వెలిగిన చోట ఆగి క్లాంప్ బిగించండి. బిగించేటప్పుడు అది ఒక డిగ్రీ జరగడం మామూలే. కాబట్టి మొదటి నుంచి క్రాంక్ తిప్పి మళ్లీ చూడండి. వరసగా రెండుసార్లు అదే చోట వెలిగితే అయిపోయినట్టు.

బల్బు కూడా దొరకని రోజుల్లో సిగరెట్ పెట్టెలోని పల్చని కాగితాన్ని పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఉండేవాళ్లు. కాగితం జారిన క్షణమే పాయింట్లు విడిపోయిన క్షణం. ఇప్పటికీ దారిలో ఆగిపోయినప్పుడు పనికొచ్చే ఉపాయం. తర్వాత కాగితపు పీచు లోపల మిగలకుండా చూసుకోవాలి.

ఒక లెక్క గుర్తుంచుకోండి. డెల్కో క్రాంక్ వేగంలో సగంతో తిరుగుతుంది. డెల్కో ఒంటిని ఒక డిగ్రీ తిప్పితే క్రాంక్ దగ్గర రెండు డిగ్రీల తేడా వస్తుంది. అందుకే చేతి కదలిక కంటికి కనిపించిందంటే అప్పటికే ఎక్కువైనట్టు.

టైమింగ్ లైటుతో సరిచూడటం

ప్లగ్గులు, మూత, తీగలు యథాస్థానంలో పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి బాగా వేడెక్కనివ్వండి. తర్వాత ఇంజిన్ ఆపి లైటు బిగించండి: ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. మరీ పాత కార్లలో ప్లస్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి) ఉండవచ్చు; తీగ రంగు చూసి కాదు, బ్యాటరీ మీది గుర్తు చూసి తగిలించండి. మూడో క్లాంపు ఒకటో ప్లగ్ తీగ చుట్టూ, దాని మీద బాణం ఉంటే అది ప్లగ్ వైపుకు. లైటు తీగలు ఫ్యాన్‌కు దూరంగా ఉండాలి.

మిట్టమధ్యాహ్నం ఈ లైటు వెలుగు కనిపించదు. పొద్దువాలే వేళ మంచిది. వ్యాక్యూమ్ డబ్బాకు వెళ్లే సన్న గొట్టం ఊడదీసి, కార్బ్యురేటర్ వైపు రంధ్రాన్ని మూయమని మాన్యువల్ చెబితే అలాగే చేయండి. ఐడ్లింగ్‌ను (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరగడం) మాన్యువల్ చెప్పిన వేగానికి తెచ్చుకోండి. ఐడ్లింగ్ ఎక్కువగా ఉంటే లోపలి బరువులు అప్పటికే కదలడం మొదలుపెట్టి ఉంటాయి, లైటు చూపించేది అసలు అంకె కాదు. ఇంకో సంగతి: ఆగిన ఇంజిన్ మీద బల్బుతో పెట్టే అంకె వేరు, తిరిగే ఇంజిన్ మీద లైటుతో చూసే అంకె వేరుగా మాన్యువల్లో ఉంటాయి. ఒకదాన్ని ఇంకోదాని చోట వాడవద్దు.

లైటును పుల్లీ మీదికి చూపిస్తే తెల్లగీత గాలిలో నిలబడిపోయినట్టు కనిపిస్తుంది. జాగ్రత్త! అదే వెలుగులో ఫ్యాన్ రెక్కలు కూడా ఆగినట్టో, తాపీగా తిరుగుతున్నట్టో కనిపించవచ్చు. వేళ్లు పోగొట్టుకునేది ఇలాంటి క్షణంలోనే.

గీత అనుకున్న చోట లేకపోతే క్లాంప్ కొద్దిగా సడలించి, డెల్కోను మూత అంచు పట్టుకుని కాకుండా ఒంటిని పట్టుకుని తిప్పండి. గడియారపు దిక్కులో తిప్పితే ముందుకు, వ్యతిరేక దిక్కులో తిప్పితే వెనక్కి. గరుకు నట్టు ఉంటే చిన్న తేడాలకు అదే హాయి. దాని మీద ముందుకు ఏ వైపో ఏ అని, వెనక్కి ఏ వైపో ఆర్ అని ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. టైమింగ్ మారితే ఐడ్లింగ్ వేగమూ మారుతుంది, దాన్ని మళ్లీ సరిచేసి మళ్లీ చూడాలి.

లైటు అసలు విలువ తర్వాతి పనిలో ఉంది. యాక్సిలరేటర్‌ను మెల్లగా పెంచండి. గీత మొనల నుంచి సాఫీగా ముందుకు జరగాలి, వదలగానే వెనక్కి రావాలి. కదలకపోతే బరువులు ఇరుక్కున్నాయి. ఎగిరెగిరి జరిగితే స్ప్రింగు తెగింది లేదా సాగింది. ఒకే వేగంలో కూడా గీత వణుకుతూ రెండుగా కనిపిస్తే షాఫ్టు బుష్షో, టైమింగ్ చైనో అరిగాయి. వ్యాక్యూమ్ డబ్బా సంగతి తేల్చుకోవడానికి ఇంజిన్ ఆపి, మూత తీసి, గొట్టాన్ని నోటితో పీల్చండి. లోపలి పళ్లెం కదిలి, నాలుకతో గొట్టం మూస్తే అక్కడే నిలబడాలి. గాలి ధారగా వచ్చేస్తుంటే లోపలి పొర చిరిగింది. నడిచేటప్పుడు అంబాసిడర్ పెట్రోలు ఎక్కువ తాగడానికి ఈ చిరిగిన పొర కూడా ఒక కారణం కావచ్చు, పాపం కార్బ్యురేటర్‌కు తిట్లు పడుతుంటాయి.

రోడ్డు మీద తీర్పు

మాన్యువల్ అంకె ఆనాటి పెట్రోలుకు రాసింది. 2000లో సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది. ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ నాకింగ్‌ను అణచుతుంది కానీ మిశ్రమాన్ని పల్చబరుస్తుంది. కాబట్టి అంకె పెట్టి ఊరుకోకుండా కారును రోడ్డెక్కించాలి. ఇప్పుడు చెవి పని మొదలవుతుంది.

ఇంజిన్ వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇత్తడి చెంబులో గవ్వలు పోసి ఆడించినట్టు సన్నని గలగల ఒక క్షణం వినిపించి, వేగం అందుకోగానే మాయమైతే టైమింగ్ దాదాపు సరిగ్గా ఉంది. గలగల ఆగకుండా వస్తే రెండు డిగ్రీలు వెనక్కి తెచ్చి మళ్లీ చూడండి. అసలేమీ వినిపించకుండా కారు బద్ధకంగా లాగుతుంటే ఒకటి రెండు డిగ్రీలు ముందుకు. మాన్యువల్ అంకె నుంచి రెండు మూడు డిగ్రీలకు మించి జరపాల్సి వస్తే లోపం టైమింగ్‌ది కాదు. పిస్టన్ మీద కార్బన్ పేరుకుందేమో, మిశ్రమం పల్చగా ఉందేమో, ఇంజిన్ ఉండాల్సిన దాని కంటే వేడెక్కుతోందేమో, తప్పు రకం ప్లగ్గులు పడ్డాయేమో చూసుకోండి.

శ్రీశైలం, అరకు లాంటి ఘాట్ రోడ్లకు నిండు బరువుతో వెళ్లేవాళ్లు ఈ పరీక్షను ఒంటరిగా కాకుండా అంతే బరువుతో చేయాలి. చదును మీద ఇద్దరితో వినిపించని నాకింగ్ ఘాట్‌లో ఐదుగురితో తప్పక వినిపిస్తుంది.

పని అయ్యాక ఎదురయ్యే చిక్కులు

స్టార్ట్ చేయగానే కార్బ్యురేటర్ లోంచి తుపుక్కుమని మంట తిరగబడితే తీగల వరస చూడండి. రోటర్ తిరిగే దిక్కులోనే 1, 3, 4, 2 ఉండాలి; దిక్కు తిరగేసి పెట్టడం సర్వసాధారణం. స్టార్టర్ మోటారు ఒక్కసారిగా ఎవరో పట్టుకున్నట్టు ఆగి ఆగి తిరిగితే టైమింగ్ మరీ ముందుకు పోయింది, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. సైలెన్సర్‌లో పటపటమని పేలుతూ, ఎగ్జాస్ట్ గొట్టం మొదలు చీకట్లో ఎర్రబడి కనిపిస్తే బాగా వెనకబడింది. ఎంత తిప్పినా అసలు స్పార్కే రాకపోతే పాయింట్ల దగ్గర ఫైబర్ వాషర్ల వరస మళ్లీ చూడండి. మూత తీసి స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పేటప్పుడు పాయింట్ల మధ్య లావాటి నీలిరంగు మెరుపులు కనిపిస్తే కండెన్సర్ పోయింది.

ఇంజిన్ చుట్టూ వంగి ఉన్నప్పుడే పెట్రోలు గొట్టాలను కూడా ఒకసారి వేళ్లతో నొక్కి చూడండి. ఆ కాలపు రబ్బరు ఇథనాల్‌ను తట్టుకోదు. మెత్తబడి చెమర్చుతుంది, లేదా గట్టిపడి పగుళ్లిస్తుంది. డెల్కో దగ్గర స్పార్క్, పక్కన కారే పెట్రోలు కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

కొత్త పాయింట్లు వేసినట్టయితే మొదటి 500 కిలోమీటర్లలో ఫైబర్ మడమ కామ్ మీద సర్దుకుంటూ కాస్త అరుగుతుంది. అప్పుడు మూత తీసి గ్యాప్ ఒక్కటి చూడండి. 14 థౌ కంటే తగ్గి ఉంటే 15కు తెచ్చి, బల్బు తగిలించి, పుల్లీ గుర్తు మళ్లీ కలిపి చూసుకోండి. ఆ తర్వాత ప్రతి 5000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చే రోజున చూస్తే సరిపోతుంది.